పంటికి చోటు: పిల్లల నోట్లో ప్లేటు పెట్టించే ముందు, పెట్టించాక ఏం చేయాలి

మా పెద్దాడికి ఆరున్నరేళ్ళప్పుడు కింది వరసలో ఒక పాల దవడపన్ను పుచ్చిపోయింది. రాత్రిళ్ళు చెంప పట్టుకుని ఏడ్చేవాడు. తీయించేశాం. తీసినవాళ్ళు ఆ తర్వాత ఏం చేయాలో చెప్పలేదు, మేమూ అడగలేదు. "పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడేదే" అన్నారు మా అత్తగారు. మాకూ అదే సబబనిపించింది. రెండేళ్ళ తర్వాత చూపిస్తే, వెనకున్న పెద్ద దవడపన్ను ముందుకు జరిగి ఆ ఖాళీని ఆక్రమించేసింది. రోడ్డు పక్క స్థలం కంచె వేయకుండా వదిలేస్తే ఏమవుతుందో మన బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నోట్లోనూ అంతే. ఆ పోయిన రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి తెచ్చుకోవడానికి ఏడాదికి పైగా సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరికి తిరిగాం.

రెండోది పాప. దానికి పన్నేమీ పీకించలేదు, అంగిలే ఇరుకు. ఎనిమిదో ఏట, అంగిలిని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ పెట్టారు. దాని మధ్యలో ఉండే స్క్రూని రోజూ రాత్రి చిన్న తాళంతో తిప్పింది నేనే. నేను డాక్టర్ని కాదు. వాళ్ళ పని వాళ్ళకి తెలుసు. ఇంట్లో అమ్మానాన్నలు చేయాల్సిన పని గురించి మాత్రం కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ, అందుకని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం తేల్చుకోండి. మీ పిల్లల నోట్లో చోటు పోబోతోందా, ఇప్పటికే పోయిందా, లేక మొదటి నుంచీ లేదా? పోబోయేదాన్ని ఆపడానికి ఒక చిన్న తీగ చాలు. పోయినదాన్ని తేవడానికి నెలలు పడుతుంది. అసలే లేకపోతే వయసు చూసుకుని ఎముకనే కదిలించాలి. ప్లేటు, క్లిప్పు, స్క్రూ అని వినపడే పేర్లన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

ఇంట్లో నోరు తెరిపించి చూడండి

ఆదివారం పొద్దున్న, వెలుతురు బాగున్నప్పుడు, సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. పాలపళ్ళు మొత్తం 20. ఆరేళ్ళ వయసులో ఏ పన్నూ ఊడకుండానే చివరి పాలపంటి వెనక కొత్తగా ఒక పెద్ద దవడపన్ను వస్తుంది, పైనా కిందా, రెండు వైపులా. చాలామంది దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండే పన్ను. అది పుచ్చిపోతే మళ్ళీ రాదు.

ఐదేళ్ళ పిల్లల ముందు పళ్ళ మధ్య సందులుంటే కంగారు పడేవాళ్ళని చూశాను. సందులుండటమే మంచిది. పై వరసలో కొత్తగా వచ్చే నాలుగు ముందు పళ్ళు, వాటి చోట ఉన్న పాలపళ్ళకంటే మొత్తం మీద దాదాపు 7 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉంటాయి. ఐదేళ్ళకి పాలపళ్ళు ముత్యాల్లా ఒకదానికొకటి ఆనుకుని ముచ్చటగా ఉంటే, ఎనిమిదేళ్ళకి ఇరుకు రావడానికే అవకాశం ఎక్కువ. ఫొటోలో బాగుండటం వేరు, చోటుండటం వేరు.

ఆరేడేళ్ళప్పుడు కింది ముందు పళ్ళు పాలపళ్ళ వెనక నుంచి మొలిచి రెండు వరసలుగా కనపడటం కూడా మామూలే. పాలపన్ను కదులుతుంటే పిల్లల్నే నాలుకతో, వేలితో ఆడించుకోనివ్వండి. అది ఊడితే, వెనకదాన్ని నాలుకే మెల్లగా ముందుకు నెడుతుంది. రెండు మూడు నెలలైనా పాలపన్ను కదలకపోతే చూపించండి. ఎనిమిది, తొమ్మిదేళ్ళకి పై ముందు పళ్ళు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో సందు కనపడుతుంది. పదకొండు, పన్నెండేళ్ళకి కోరపళ్ళు దిగేసరికి చాలామందికి అది దానంతట అదే మూసుకుంటుంది. ఆ సందు కోసం తొమ్మిదేళ్ళకే క్లిప్పులు వేయించమని పెళ్ళిలో ఎవరో అన్నారని పరుగెత్తకండి.

ఇక చూపించాల్సినవి ఇవి. వెనక పళ్ళు కరిచినప్పుడు ఒక వైపు కింది పళ్ళు పై పళ్ళకి బయట పడుతున్నాయా? నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకి జారుతోందా? పాప విషయంలో నేను గమనించింది ఇదే. అద్దం ముందు జడ వేస్తుంటే, ఏదో నములుతూ దాని గడ్డం ఎడమకి వెళ్ళడం కనపడింది. ఇంకా, పాల దవడపన్ను ఏదైనా తొమ్మిదేళ్ళలోపే పోయినా, ఒక వైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండో వైపుది రాకపోయినా, పదేళ్ళు నిండినా పై చిగురు మీద కోరపంటి ఉబ్బు చేతికి తగలకపోయినా, నాలుగేళ్ళు దాటినా బొటనవేలు నోట్లోంచి తీయకపోయినా చూపించాలి. ఎప్పుడూ నోరు తెరుచుకునే నిద్రపోయే పిల్లల్ని పళ్ళ డాక్టరుకంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ముక్కు వెనక ఎడినాయిడ్స్ అనే కండ పెరిగి ఉండొచ్చు.

ఎవరి దగ్గరికి, ఎప్పుడు

ఏడేళ్ళు నిండేలోపు ఒకసారి ఆర్థోడాంటిస్టుకి (పళ్ళ వరస, దవడ సరిచేసే డాక్టరుకి) చూపించమని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. చూపించడం అంటే వెంటనే ఏదో పెట్టించడం కాదు. ఎక్కువమంది పిల్లలకి "ఆరు నెలల తర్వాత రండి" అనే అంటారు. అలా అనే డాక్టరు దొరికితే మీ అదృష్టం.

బోర్డు మీద ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) అని ఉంటే సరిపోదు, ఏ విభాగంలో చేశారో చూడండి. పుచ్చిన పాలపళ్ళు, చోటు నిలిపే తీగలు పిల్లల దంతవైద్యులు చూస్తారు. అంగిలి వెడల్పు, దవడ ఎదుగుదల ఆర్థోడాంటిస్టు పని. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలో సిద్ధార్థ దంత కళాశాల, గుంటూరు వైపు తక్కెళ్ళపాడులో సిబార్ ఉన్నాయి. కాలేజీల్లో పీజీ విద్యార్థులు చూస్తారు, పైన ప్రొఫెసర్లు పర్యవేక్షిస్తారు. ఖర్చు తగ్గుతుంది, టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది. పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టుకుని వెళ్ళే ఓపిక ఉంటే మంచి దారే.

ప్రైవేటుగా చూపిస్తే పేరు కంటే దూరం చూడమంటాను. ఈ వైద్యంలో నెలకోసారైనా వెళ్ళాలి, మధ్యలో తీగ ఊడితే మర్నాడే వెళ్ళాలి. గుంటూరులో ఉండి విజయవాడ బెంజి సర్కిల్ దాటి రావాలంటే మూడో నెలకే బద్ధకం మొదలవుతుంది.

మొదటిసారి వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు తీసుకెళ్ళండి. పిల్లలకి గుండెలో రంధ్రం లాంటిది ఉందన్నా, గిల్టు గాజులు, గిల్టు చెవి దిద్దులు పడక దద్దుర్లు వస్తాయన్నా ముందే చెప్పండి. పళ్ళకి బిగించే తీగల్లో, రింగుల్లో నికెల్ ఉంటుంది. గుండె జబ్బున్న పిల్లలకి రింగు బిగించే ముందు కొన్నిసార్లు యాంటీబయాటిక్ వేస్తారు.

అక్కడ ఓపీజీ ఎక్స్‌రే తీస్తారు. నోటి చుట్టూ మిషన్ తిరుగుతుంది, నొప్పేమీ ఉండదు. చిగురు లోపల ఏ పన్ను ఎక్కడుందో, ఏదైనా అసలు లేదో అందులో తెలుస్తుంది. తర్వాత అచ్చు తీస్తారు, కొన్ని చోట్ల కెమెరాతో స్కాన్ చేస్తారు. అచ్చు ముద్ద అంటే పిల్లలకి వాంతి భయం. కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళకండి. తల కాస్త ముందుకు వంచి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, కాలి బొటనవేళ్ళు ఆడించమని చెప్పండి. ధ్యాస కాలి మీదికి పోతుంది. మా పాప దగ్గర పనిచేసింది.

డాక్టర్ని అడగాల్సినవి

ఎన్ని మిల్లీమీటర్ల చోటు తక్కువ, పైనా కిందా? ఇప్పుడు చేయకుండా ఏడాది ఆగితే ఏం నష్టం? ఇది తీసేశాక పదకొండు, పన్నెండేళ్ళకి మళ్ళీ క్లిప్పులు పడతాయా? ఈ మూడూ అడగండి. చాలామందికి రెండో దఫా పడుతుంది, నిజాయితీగా చెప్పేవాళ్ళు ఆ మాట ముందే అంటారు. "ఇది పెట్టిస్తే ఇక జీవితంలో క్లిప్పుల అవసరమే రాదు" అని గ్యారంటీ ఇస్తే నేనైతే ఇంకొకరికి చూపిస్తాను. ఎక్స్‌పాండర్‌తో గురక పోతుంది, చదువులో చురుకుదనం వస్తుంది అని అమ్మేవాళ్ళ దగ్గర కూడా.

డబ్బు విషయం మొహమాటం లేకుండా మాట్లాడండి. చెప్పిన మొత్తంలో ఎక్స్‌రే, ప్రతి విజిట్, ప్లేటు విరిగితే కొత్తది, పళ్ళు మళ్ళీ జరగకుండా చివర్లో ఇచ్చే రిటైనర్ ఉన్నాయా, వేరా? ఒక కాగితం మీద రాయించుకోండి.

ఎనిమిదేళ్ళకి కింది ముందు పళ్ళు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే దానికోసం ఏమీ పెట్టించనక్కర్లేదు. అడ్డంగా కరవడం, గడ్డం పక్కకి జారడం మాత్రం ఆగితే పెరిగేవి. వాటికి తొందరే మంచిది.

దేనికి ఏది

పాలపన్ను పుచ్చినప్పుడు మొదటి ప్రయత్నం దాన్ని కాపాడటమే. పాలపంటికి కూడా రూట్ కెనాల్ లాంటి వైద్యం చేసి స్టీలు క్యాప్ వేస్తారు. "ఊడే పంటికి అంత ఖర్చా" అని నేనూ అనుకున్నదాన్నే. చివరి పాల దవడపన్ను పదకొండేళ్ళ దాకా ఉండాలి. ఆరేళ్ళకి పీకేస్తే ఐదేళ్ళు ఆ స్థలానికి కాపలా ఎవరు? అంతకంటే మంచి కాపలాదారు ఏ తీగా కాదు.

తీయక తప్పకపోతే, తీసిన రోజే "స్పేస్ మెయింటెయినర్ కావాలా" అని అడగండి, అంటే చోటు నిలిపే తీగ. ఖాళీ ఎక్కువగా మూసుకుపోయేది మొదటి ఆరు నెలల్లోనే. ఒక పన్ను పోతే పక్క పంటికి రింగు తొడిగి, దానికి ఖాళీ మీదుగా వంకీలా ఒక తీగ అతికిస్తారు. కింద రెండు వైపులా పోతే, నాలుకవైపు ముందు పళ్ళ వెనకగా ఒక తీగ వేస్తారు. అంగిలికి ఆనే చిన్న బిళ్ళ ఉన్న తీగ పై వరసకి. ఇవేవీ పళ్ళని కదపవు, ఉన్నచోట నిలబెడతాయి.

కింది తీగకి ఇంకో ఉపయోగం ఉంది. పాల దవడపళ్ళు వాటి స్థానంలో వచ్చే పళ్ళకంటే వెడల్పు. కింది వరసలో ఒక్కో వైపు దాదాపు 1.7 మిల్లీమీటర్లు మిగులుతుంది, రెండు వైపులా కలిపితే 3.4. మామూలుగా ఆ మిగులుని వెనక దవడపళ్ళు ముందుకు జరిగి మింగేస్తాయి. చివరి పాలపళ్ళు ఊడకముందే తీగ వేస్తే, ఆ మిగులంతా ముందు పళ్ళు సర్దుకోవడానికి వస్తుంది. ఏ పన్నూ పీకకుండా, ఎముక కదపకుండా కొద్దిపాటి ఇరుకు తీరుతుంది. మా ఇంట్లో ఈ సంగతి తెలిసేసరికి పెద్దాడికి ఒక వైపు మిగులు పోయింది, రెండో వైపుది మాత్రం దక్కింది.

పోయిన చోటుని తేవడానికి స్ప్రింగో, స్క్రూ ఉన్న తీసి పెట్టుకునే ప్లేటో వాడి, ముందుకు జరిగిన దవడపంటిని వెనక్కి నెడతారు. ఒక వైపు మూడు మిల్లీమీటర్ల దాకా అయితే ఇది బాగా కుదురుతుంది. అంతకు మించితే కష్టం.

ఇక ఎక్స్‌పాండర్. పై దవడ చూడటానికి ఒకటే ఎముకలా ఉన్నా, అంగిలి మధ్యలో నిలువుగా ఒక అతుకు ఉంటుంది. చిన్నతనంలో అది పూర్తిగా గట్టిపడదు. రెండు వైపులా పళ్ళకి రింగులు బిగించి మధ్యలో స్క్రూ పెట్టి రోజూ కొంచెం తిప్పితే, ఆ అతుకు విడిపోయి మధ్యలో కొత్త ఎముక పోస్తుంది. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమర్సన్ ఏంజెల్ అనే దంతవైద్యుడు పద్నాలుగేళ్ళ అమ్మాయికి ఇలా స్క్రూ పెట్టి రెండు వారాల్లో అంగిలి వెడల్పు చేశానని రాస్తే, అప్పటి పెద్దలు నమ్మలేదు. 1961లో ఆండ్రూ హాస్ మళ్ళీ దీన్ని నిలబెట్టాక వాడకం పెరిగింది. పదమూడు, పద్నాలుగు దాటేకొద్దీ ఆ అతుకు బిగుసుకుంటుంది. పెద్దయ్యాక చేయాలంటే ఎముకలోకి మరలు బిగించడమో, ఆపరేషనో.

కింది దవడకి అలాంటి అతుకు లేదు. ఉన్నది పుట్టిన మొదటి ఏడాదిలోనే కలిసిపోతుంది. కింద "ఎక్స్‌పాండర్" పెడతామంటే పళ్ళు బయటికి వాలుతాయి తప్ప ఎముక వెడల్పు కాదు. కొందరికి అదీ అవసరమే, కానీ ఏం జరుగుతోందో తెలిసి ఒప్పుకోండి. ఇంకో సంగతి, అంగిలి 5 మిల్లీమీటర్లు వెడల్పయితే పళ్ళ వరసకి 5 మిల్లీమీటర్ల చోటు రాదు, అంతకంటే తక్కువే వస్తుంది. ఇరుకు బాగా ఎక్కువైతే, పది మిల్లీమీటర్లు అలా అయితే, ఏ ప్లేటూ చాలదు. వరసగా కొన్ని పళ్ళు తీయించడమే మేలని డాక్టరు అంటే అది అన్యాయం కాదు.

బిగించే వారం

బిగించడానికి కొన్ని రోజుల ముందు దవడపళ్ళ మధ్య చిన్న నీలం రబ్బరు రింగులు దూరుస్తారు, రింగు పట్టేంత సందు కోసం. రెండు రోజులు మాంసం ముక్క ఇరుక్కున్నట్టు సలుపుతుంది. ఈ వారం జీళ్ళు, చూయింగ్ గమ్, పల్లీ పట్టీ మానిపించండి. రింగు ఊడిపోతే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే అపాయింట్‌మెంట్ రోజు వెళ్ళి తిరిగి రావాల్సి వస్తుంది.

పరీక్షల ముందు బిగించుకోకండి. మేం దసరా సెలవుల మొదటి రోజు పెట్టించాం. మాట తిరగకపోవడం, చొంగ కారడం ఇంట్లోనే తీరిపోయింది.

తాళం తిప్పడం

రోజుకి ఎన్ని సార్లో, ఎన్ని రోజులో డాక్టరే చెబుతారు. చాలా స్క్రూల్లో ఒక తిప్పు అంటే పావు చుట్టు, దాదాపు పావు మిల్లీమీటరు. త్వరగా తిప్పే పద్ధతిలో రోజుకి ఒకటి లేదా రెండు, రెండు మూడు వారాలు. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా ఏడెనిమిదేళ్ళలోపు, చాలామంది నెమ్మదిగా తిప్పించడానికే ఇష్టపడతారు. పక్కింటి పిల్లాడికి రోజూ రెండు తిప్పారని మీరు తిప్పకండి. క్లినిక్‌లో మీ చేత ఒకసారి తిప్పించకుండా ఇంటికి రాకండి.

1. రాత్రి పళ్ళు తోమాక, పడుకునే ముందు, రోజూ ఒకటే వేళ పెట్టుకోండి.
2. తాళం చివర రంధ్రానికి గట్టి దారం కట్టి, ఆ దారం మీ వేలికి చుట్టుకోండి. ఇది ఒక్కరోజు కూడా మానకండి.
3. మంచం మీద పడుకోబెట్టి తల మీ ఒడిలో పెట్టుకోండి. ఇంకొకరు లైటు పట్టుకోవాలి. మా ఇంట్లో అది మా వారి డ్యూటీ.
4. స్క్రూ మధ్యలో ముందువైపు రంధ్రం కనపడుతుంది. తాళం అందులో పూర్తిగా దిగేలా పెట్టండి.
5. బాణం గుర్తున్న వైపు, సాధారణంగా గొంతు వైపు, ఆగే దాకా నెట్టండి. ముందువైపు కొత్త రంధ్రం కనపడాలి. కనపడకపోతే తిప్పు పూర్తి కానట్టే, రేపు తాళం దూరదు.
6. తాళాన్ని ముందుకి లాగితే స్క్రూ వెనక్కి తిరిగిపోతుంది. వెనక్కి, కిందికి జారుస్తూ తీయండి.
7. క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి.

ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు తిప్పకండి. మామూలుగా కొనసాగించి, క్లినిక్‌కి చెప్పండి. క్యాలెండర్ అందుకే. నేనూ మా వారూ ఒకరికి తెలియకుండా ఒకరం తిప్పిన రాత్రి ఒకటుంది, ఆ మర్నాడే గోడ మీద క్యాలెండర్‌కి పెన్ను వేలాడదీశాం.

తిప్పాక పది నిమిషాలు ముక్కు మొదట్లో, పై పళ్ళ దగ్గర బిగుతుగా ఉందంటారు. పాప "ముక్కులో ఎవరో తోస్తున్నట్టుంది" అనేది. కొన్నిసార్లు కళ్ళ కింద బరువు, కొంచెం తలనొప్పి. అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. గట్టిగా ఏడ్చేంత నొప్పి వస్తే తిప్పడం ఆపి ఫోన్ చేయండి.

మొదటి రెండు వారాల్లో ఒకరోజు పై ముందు పళ్ళ మధ్య సందు కనపడుతుంది. నాకు ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాను. ఆ సందు వచ్చిందంటే అతుకు విడుతోందని అర్థం. తిప్పడం ఆపాక, చిగురు నారలు లాగి కొన్ని నెలల్లో పళ్ళని మళ్ళీ దగ్గరికి చేరుస్తాయి. బంధువులకి ముందే చెప్పండి, లేకపోతే వీడియో కాల్‌లో పిల్ల ముఖం చూసి మీ మీద విరుచుకుపడతారు. రబ్బరు బ్యాండు వేసి ఆ సందు మీరే మూయాలని ఎప్పుడూ ప్రయత్నించకండి. బ్యాండు చిగురులోకి పాకి పంటినే ఊడగొడుతుంది.

డాక్టరు అనుకున్న దానికంటే కాస్త ఎక్కువే వెడల్పు చేయిస్తారు. కొంత వెనక్కి వస్తుందని తెలిసే చేస్తారు. "సరిపోయింది కదా" అని మీరే మధ్యలో ఆపకండి.

తిండి, మాట, శుభ్రం

మొదటి నాలుగు రోజులు ఇడ్లీ, పెరుగన్నం, పప్పన్నం మెత్తగా కలిపి పెట్టండి. తర్వాత మామూలు తిండే, కానీ జంతికలు, చేగోడీలు, పల్లీ ఉండలు, చెరకు గడ, తేగలు, ఐసు ముక్కలు కొరకడం వద్దు. జామకాయ, మామిడికాయ చిన్న ముక్కలు కోసి ఇవ్వండి. సంక్రాంతికి అరిసె తుంచి పెట్టాం, నువ్వుల జీడి మాత్రం దాచేశాం. అంటుకునేదే రింగుని ఊడగొడుతుంది, గట్టిది తీగని వంచుతుంది.

అన్నిటికంటే చిరాకు పెట్టేది దోసె. ముక్క వెళ్ళి స్క్రూకీ అంగిలికీ మధ్య అతుక్కుంటుంది, నాలుకతో రాదు. సూది లేని సిరంజిలో గోరువెచ్చని నీళ్ళు నింపి ముందు నుంచి వెనక్కి కొట్టండి, జారిపోతుంది. మందుల షాపులో దొరుకుతుంది. రోజుకి రెండు సార్లు రింగుల చుట్టూ, చిగురు అంచున బ్రష్ చేయించండి, తర్వాత మీరూ ఒకసారి చేయండి. తొమ్మిదేళ్ళ పిల్ల "నేనే తోముకున్నా" అంటే నమ్మకండి.

మాట కొన్ని రోజులు ముద్దగా వస్తుంది. స, శ, ల, ళ ఇబ్బంది పెడతాయి. తెలుగు వాచకంలో పద్యాలు గట్టిగా చదివించండి, వారంలో సర్దుకుంటుంది. టీచరుకి ఒక చీటీ రాసి పంపండి, అందరి ముందూ నిలబెట్టి చదివించకుండా ఉంటారు.

తీసి పెట్టుకునే ప్లేటైతే

దీనికి రింగులు, సిమెంటు ఉండవు. పిల్లలు పెట్టుకుంటేనే పనిచేస్తుంది, అదే దీని ఇబ్బంది. ఎన్ని గంటలు చెబితే అన్ని గంటలు నోట్లో ఉండాలి. చాలామందికి తినడం, తోమడం, ఈత తప్ప మిగతా రోజంతా. స్క్రూ ఉంటే వారానికి ఒకటో రెండో తిప్పులు. నాలుగు రోజులు పెట్టుకోకపోతే ఐదో రోజు పట్టదు. బలవంతంగా తోయకండి, డాక్టరుకి చూపించండి.

డబ్బాలో పెట్టడం అలవాటు చేయండి, ఆ డబ్బా బడి సంచిలో ఉండాలి. టిష్యూ కాగితంలో చుట్టిన ప్లేటు టిఫిన్ చెత్తతో పాటే పోతుంది. చల్లటి నీళ్ళు, బ్రష్, కాస్త సబ్బుతో కడగండి. వేడినీళ్ళలో మరిగించకండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ప్లేటు వంకర పోతుంది. మన ఎండల్లో గంట చాలు.

ఏదైనా తేడా వస్తే

ఎక్స్‌పాండర్ ఒక వైపు ఊడి కదులుతుంటే ఆ క్షణం నుంచి తిప్పడం ఆపండి. మీరే జిగురు పెట్టి అతికించకండి. తీగ చెంపకి గుచ్చుకుంటే, క్లినిక్‌లో ఇచ్చే మైనం చిన్న ఉండ చేసి అద్ది, మర్నాడు వెళ్ళండి. తీసి పెట్టుకునే ప్లేటు పగిలితే ముక్కలన్నీ డబ్బాలో వేసుకెళ్ళండి. పగిలినదాన్ని పెట్టుకోనివ్వకండి.

తాళమో, ఊడిన రింగో మింగేస్తే, దగ్గు, ఊపిరాడకపోవడం, గురగుర శబ్దం ఉందేమో చూడండి. ఉంటే 108కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి. ఎక్కువసార్లు కడుపులోంచి బయటికి పోతుంది, ఊపిరి దారిలోకి పోలేదని తేలడం ముఖ్యం. అంగిలి వాచినా, రింగు కింద చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆదివారం దాకా ఆగకండి.

తిప్పడం ఆపాక

చాలామంది ఇక్కడే జారిపోతారు. స్క్రూ ఆగాక కూడా అదే సామాను మూడు నుంచి ఆరు నెలలు నోట్లోనే ఉంటుంది. విడిన చోట ఎముక గట్టిపడాలి. "ఏమీ జరగట్లేదు కదా, తీసేయండి" అని అడక్కండి. తీసిన తర్వాత ఇచ్చే రిటైనర్ మొదటి రాత్రి నుంచే పెట్టించండి.

స్పేస్ మెయింటెయినర్‌ది వేరే సమస్య. అందరూ దాన్ని మర్చిపోతారు. కింద నుంచి పన్ను తొంగిచూసినప్పుడు తీగ తీసేయాలి, లేకపోతే వచ్చే పంటికి అదే అడ్డం. రింగు కింద సిమెంటు కరిగితే లోపల పుచ్చు పడుతుంది, బయటికి కనపడదు. మూడు నాలుగు నెలలకోసారి చూపించే తేదీని బడి ఫీజు తేదీ పక్కనే రాసుకోండి.

పదేళ్ళు నిండాక మళ్ళీ ఒకసారి వేలితో పై చిగురు తడిమి చూడండి, కోరపళ్ళ కోసం. రెండు వైపులా ఉబ్బు తగిలితే అవి దారిలోనే ఉన్నాయి. ఒక్క వైపే తగిలితే, లేదా ఏదీ తగలకపోతే, ఆ నెలలోనే వెళ్ళి ఎక్స్‌రే తీయించండి. ఆ పక్క పాల కోరపన్ను తీస్తే దారి తప్పిన పన్ను తిరిగి దారికొచ్చే వయసు అదే.